విజిల్ పడేదాకా

మెదక్,
22 జనవరి 2026

చిరంజీవి మనవడికి,

నువ్వు బయల్దేరి వారం కావస్తోంది. హాస్టల్‌కు చేరినట్టు మీ అమ్మకు ఫోన్ చేశావట, నాకు చేయలేదు. అలిగావని తెలిసింది. పండుగకు వచ్చిన పిల్లవాడి ముందు సగం అన్నంలో లేచిపోతారా ఎవరైనా అని మీ అమ్మమ్మ నన్ను ఇంకా సాధిస్తూనే ఉంది. ఆ గొడవలో నువ్వు సకినాల డబ్బా ఇక్కడే మరిచిపోయావు. అది దేవుడి గూట్లో పెట్టి, నీకు ఉత్తరం రాసేదాకా నన్ను ముట్టుకోనివ్వనంటోంది. కాబట్టి ఇది సగం నీ కోసం, సగం సకినాల కోసం రాస్తున్న ఉత్తరం.

ఫోన్‌లోనే చెప్పొచ్చు గానీ, ఫోన్‌లో నువ్వు ఊకొడుతూ వేరే ఏదో చూస్తుంటావు. కాగితం మీద అయితే నా దస్తూరి పోల్చుకోవడానికైనా కాసేపు కళ్లు పెడతావు.

ఆ రాత్రి నువ్వు ఫోన్ నా చేతికిచ్చి "చూడు తాతా, మేమెట్ల లొల్లి చేసినమో" అన్నావు. 2024 నవంబర్ 18, గచ్చిబౌలి బాలయోగి స్టేడియం, ఇండియా–మలేషియా మ్యాచ్. ఏడాది కిందటి వీడియో. ఆ తర్వాత నెలకే మన చర్చి నూరేళ్ల పండుగకు వచ్చి రెండు రోజులున్నావు గానీ, అప్పుడు చూపించలేదు. పైన ఎక్కడో కూర్చుని తీసినట్టున్నావు, ఆటగాళ్లు చీమల్లా ఉన్నారు. బంతి మన గోల్‌కీపర్ దగ్గరికి రాగానే ఊళలు మొదలయ్యాయి. ఆ ఫోన్‌లో వినబడేవి నీ గొంతూ, నీ వరసలో ఉన్న నీ సోపతిగాళ్ల గొంతులూ. నీ గొంతు నాకు తెలియదా? చిన్నప్పుడు మన పిట్టగోడ మీద కూర్చుని వాడకట్టు కుక్కలన్నింటినీ అరిపించిన గొంతే అది. నేను చేతిలో ముద్ద కంచంలో వదిలేసి లేచాను.

నువ్వు అరుగు మీదికి వెంట వచ్చావు. "పైసలు పెట్టి టికెట్ కొన్నం తాతా. మంచిగ ఆడితే చప్పట్లు కొడ్తం, ఆడకపోతే ఊళ పెడ్తం. దాంట్ల తప్పేముంది? సునీల్ ఛెత్రీయే వచ్చి తిట్టున్రి అన్నడు గద!" అన్నావు. ఆ చివరి మాట మంచి వకీలు మాట. అప్పటికప్పుడు నాకు జవాబు తోచలేదు, లోపలికి వచ్చి పడుకున్నాను. నిద్ర మాత్రం పట్టలేదు.

ముందు ఆ ఛెత్రీ సంగతే చూద్దాం. సికింద్రాబాద్‌లో పుట్టినవాడు కాబట్టి మన పిల్లవాడే అనుకుని మాట్లాడుకోవచ్చు. 2018 జూన్ 1న ముంబైలో మనవాళ్లు చైనీస్ తైపీని 5–0తో ఓడించారు. అందులో మూడు గోల్స్ అతనివే. ఆ మ్యాచ్ చూడటానికి వచ్చినవాళ్ల లెక్క 2,569. మన ఏడుపాయల జాతరలో బొంగు పేలాలు అమ్మేవాళ్లూ కొనేవాళ్లూ కలిస్తే అంతకంటే ఎక్కువ మంది ఉంటారు. దేశం జట్టు ఆడుతుంటే, కెప్టెన్ హ్యాట్రిక్ కొడుతుంటే, అంతే మంది. మర్నాడు ఛెత్రీ ఒక వీడియో పెట్టాడు. మా ఆట యూరప్ క్లబ్బుల ఆటలా ఉండదు, ఒప్పుకుంటాం, అయినా స్టేడియానికి రండి, మమ్మల్ని విమర్శించండి, తిట్టండి, అరవండి, ఏదైనా మా ఎదురుగా వచ్చి చేయండి, ఏమో, ఒకరోజు మీ మనసు మారి మా కోసం కేకలు వేస్తారేమో అని బతిమాలాడు. జూన్ 4న కెన్యాతో ఆడిన మ్యాచ్ అతనికి నూరోది. టికెట్లన్నీ అమ్ముడుపోయాయి. మనవాళ్లు 3–0తో గెలిచారు.

నువ్వు ఆ మాటల్లో 'తిట్టండి' ఒక్కదాన్ని ఏరుకున్నావు. అతను అడిగింది 'రండి' అని. ఖాళీ బస్సు కండక్టర్ చౌరస్తాలో నిలబడి "ఎక్కున్రి ఎక్కున్రి, చిల్లర లేకున్నా పర్వాలేదు" అని పిలుస్తాడు చూడు, ఆ పిలుపు అది. బస్సు ఎక్కి కూర్చున్నాక "నువ్వే అన్నవు గద, పైసలియ్య" అని కొట్లాడితే న్యాయమేనా? కెప్టెన్ అయినవాడు తిట్లకైనా సిద్ధపడ్డాడంటే ఆ ఖాళీ కుర్చీలు అతన్ని ఎంత కోశాయో ఆలోచించు. అతను మనకు హక్కు రాసివ్వలేదు, తన అవస్థ చెప్పుకున్నాడు.

ఇక ఆ మ్యాచ్. ఆ రోజు జట్టు బాగా ఆడిందని నేను అబద్ధం చెప్పను. 19వ నిమిషంలో గోల్‌కీపర్ గుర్‌ప్రీత్ గోల్ వదిలి ముందుకు ఉరికాడు, బంతి అందలేదు, మలేషియావాడు ఖాళీ గోల్‌లోకి తీరికగా తోశాడు. ఇక్కడ టీవీ ముందు నేను నెత్తి కొట్టుకున్నాను. నోట్లోంచి ఒక మాట కూడా దొర్లింది, ఏ మాటో మీ అమ్మమ్మను అడుగు. అదే గ్రౌండ్‌లో సెప్టెంబర్ 3న మారిషస్ మీద ఒక్క గోల్ కూడా వేయలేకపోయారు, 9వ తేదీన సిరియా చేతిలో 3–0తో ఓడారు. ఆ ఏడాది మొత్తంలో మన జట్టు ఒక్క మ్యాచ్ గెలవలేదు. కోపం రావడం న్యాయమే. రాకపోతేనే తప్పు. కోపం రానివాడు అభిమాని కాడు, తోవన పోయేవాడు.

కానీ 19వ నిమిషం తర్వాత ఇంకా డెబ్భై నిమిషాలున్నాయి కదా. అదే నా బాధ. ముప్ఫై ఏళ్లకు పైగా డ్రిల్ మాస్టర్‌గా సైడ్‌లైన్ మీద నిలబడ్డవాడిని, కొంచెం చెప్పనివ్వు. ఫార్వర్డ్ ఒక గోల్ మిస్ చేస్తే పది నిమిషాల్లో ఇంకో అవకాశం వస్తుంది, కొట్టి చేయి దులుపుకుంటాడు. గోల్‌కీపర్‌కు అలా దిద్దుకునే వీలు లేదు. తప్పు చేసిన చోటే, ఆ వల ముందే, ఒంటరిగా నిలబడి బంతి మళ్లీ ఎప్పుడు వస్తుందా అని చూస్తుండాలి. మళ్లీ అలాంటి బంతే వస్తుంది. మళ్లీ బయటికి ఉరకాలి. ఉరకాలా వద్దా అని అర క్షణం తటపటాయించాడా, అయిపోయింది. ఆ అర క్షణాన్ని నీ ఊళ అతని కాళ్లలో పెడుతుంది.

ఒక్క గోల్‌కీపర్‌తో ఆగదు. సొంతవాళ్లు గేలి చేస్తున్నారని తెలిశాక జట్టులో మొదట జరిగేది ఏమిటో తెలుసా? బంతి అడగడం మానేస్తారు. డిఫెండర్ తల ఎత్తి చూస్తే మిడ్‌ఫీల్డ్‌లో ఉన్నవాడు ప్రత్యర్థి వెనకాల దాక్కుంటాడు. బంతి వచ్చినా ముందుకు తోసే ధైర్యం చేయడు, పక్కవాడికిచ్చి చేతులు కడుక్కుంటాడు. పక్కవాడు వెనక్కి ఇస్తాడు. వెనక ఎవరున్నారు? మళ్లీ ఆ గోల్‌కీపరే. అప్పుడు మీరు మళ్లీ ఊళ పెడతారు, ముందుకు ఆడటం చేతకాదని! మీ లొల్లి తెచ్చిపెట్టిన ఆటకు మీరే గేలి చేయడమన్నమాట. చిన్న బడి మ్యాచ్‌లోనూ ఇంతే, గచ్చిబౌలిలోనూ ఇంతే. ఆ రోజు మాత్రం మనవాళ్లు తట్టుకున్నారు. 39వ నిమిషంలో కార్నర్ నుంచి వచ్చిన బంతిని భేకే తలతో కొట్టి స్కోరు సమం చేశాడు, మ్యాచ్ 1–1తో ముగిసింది. ఆ గోల్‌కు మీరంతా లేచి ఎగిరారట. అది వీడియో తీయలేదా?

మన ఊళ్లలో జాతర కుస్తీలు నువ్వు చిన్నప్పుడు నా భుజం మీద కూర్చుని చూశావు. కొబ్బరికాయ కుస్తీతో మొదలై చీకటి పడే వేళకు వెండి కడియం కుస్తీ దాకా వస్తుంది. తన ఊరి పహిల్వాన్ కింద పడి కొట్టుకుంటున్నప్పుడు ఊరివాళ్లు వాడిని గేలి చేయడం ఎప్పుడైనా చూశావా? వీపు మట్టికి తాకేదాకా "లే, లే, తిప్పు" అని గొంతు చించుకుంటారు. తాకిందా, ఇక వాడి పని అయిపోయినట్టే. ఇంటికి పోయేదాకా దారంతా తిడతారు, తాగిన పాలూ తిన్న బాదాములూ లెక్క కడతారు, వాడి తాతను కూడా మధ్యలోకి లాగుతారు. తిట్టడంలో మనవాళ్లకు ఎవరూ పాఠాలు చెప్పనక్కర్లేదు. ఎప్పుడు మొదలుపెట్టాలో మాత్రం వాళ్లకు తెలుసు.

ఇప్పుడు నీకు నొప్పి పుట్టే సంగతి ఒకటి రాయాలి. కోపం తెచ్చుకోకు, తెచ్చుకున్నా చదువు.

2022 మార్చి 20. నువ్వు ఇంటర్ మొదటి సంవత్సరం. మనిద్దరం ఇదే గదిలో ఐఎస్ఎల్ ఫైనల్ చూశాం. గోవాలో ఫటోర్డా స్టేడియం. ఎటు చూసినా కేరళ వాళ్ల పసుపు రంగే. మన హైదరాబాద్ ఎఫ్‌సీకి కరోనా వల్ల రెండు సీజన్లుగా సొంత గ్రౌండ్‌లో ఆడే భాగ్యమే లేదు. కేరళ ముందు గోల్ వేసింది. ఇంకో రెండు నిమిషాల్లో ఆట ముగుస్తుందనగా సాహిల్ తవోరా దూరం నుంచి కొట్టాడు, 1–1. పెనాల్టీల్లో మన గోల్‌కీపర్ కట్టిమణి మూడు ఆపాడు. 3–1. నువ్వు మంచం మీంచి దూకితే పట్టె విరిగింది. ఆ పట్టెకు కట్టిన తాడు ఇప్పటికీ అలాగే ఉంది, నేను దాని మీదే పడుకుంటాను. 2019 ఆగస్టులో పుట్టి, మొదటి సీజన్‌లో అట్టడుగున నిలిచిన జట్టు మూడో సీజన్‌కు ఛాంపియన్. కోచ్ మనోలో మార్కెజ్ అనే స్పెయిన్ పెద్దమనిషి. మలేషియా మ్యాచ్‌లో ఇండియా బెంచ్ మీద కోచ్‌గా కూర్చున్నదీ ఆయనే. హైదరాబాద్‌కు కప్పు తెచ్చినవాడు కూర్చున్న జట్టుకు, హైదరాబాద్ గడ్డ మీద, నువ్వు ఊళ పెట్టావు. ఈ ముక్క నీకు అప్పుడు తట్టిందా?

సరే, అది కాదు నేను చెప్పదలచుకున్నది. 2023 ఆగస్టులో నువ్వు ఇంజనీరింగ్‌కు హైదరాబాద్ పోయావు. ఆ సీజన్‌లోనే మన జట్టు కుప్పకూలింది. జీతాలు నెలల తరబడి అందలేదు. విదేశీ ఆటగాళ్లు ఒక్కొక్కరే సంచి సర్దుకున్నారు, మనవాళ్లలోనూ పేరున్నవాళ్లు వేరే క్లబ్బులకు పోయారు. కొత్తవాళ్లను తీసుకోకుండా ఫిఫా నిషేధం. మిగిలింది ఎక్కువగా కుర్రవాళ్లు, నీ ఈడువాళ్లు. వాళ్లు 22 మ్యాచ్‌లు ఆడారు. ఒకటి గెలిచారు, ఐదు డ్రా చేశారు, 16 ఓడారు. ఎనిమిది పాయింట్లు, చివరి స్థానం. నేను నీకు ఫోన్ చేసి ఒక్క ఆదివారం గచ్చిబౌలి పోయి చూసి రారా అన్నాను. గుర్తుందా నువ్వేమన్నావో? "ఓడిపోయే మ్యాచ్‌కు ఎవడు పోతడు తాతా, టైం వేస్ట్." అదే నోటితో అర్ధరాత్రి దాటాక లేచి ఆర్సెనల్ మ్యాచ్ చూసి పొద్దున క్లాసులో నిద్రపోయావు.

మన జట్టుకు డెక్కన్ లీజియన్ అని ఒక అభిమానుల గుంపు ఉండేది. వాళ్లలో ఎవరైనా ఊళ పెట్టానని చెబితే నేను నోరెత్తను. ఓడినా గెలిచినా గొంతు పోయేలా అరిచినవాడు ఒకరోజు విసిగి ఊళ పెడితే దాన్ని జట్టు భరించాలి. ఇంటి మనిషి కోపం అది. నువ్వు పెళ్లి భోజనానికి వచ్చి, చావు ఇంటికి రాని చుట్టానివి. నీకు పప్పులో ఉప్పు తక్కువైందని కేక వేసే అధికారం ఎక్కడిది? టికెట్ కొన్నావు, నిజమే. టికెట్ నీకు కుర్చీ ఇస్తుంది. అధికారం ఒక్క టికెట్‌తో వచ్చేది కాదు.

ఆ తర్వాత సంగతి నీకు తెలుసు. 2025లో క్లబ్బు ఢిల్లీకి తరలిపోయింది, పేరు కూడా స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ అయింది. ఎవరూ ఊళలు పెట్టి పంపలేదు. గచ్చిబౌలిలో కుర్చీలు నిండి ఉంటే పోయేవాళ్లా అన్నది నేను రాత్రిళ్లు ఆ తాడు కట్టిన మంచం మీద పడుకుని ఆలోచిస్తుంటాను. జీతాలు ఇవ్వని తప్పు కుర్చీలది కాదు, నిజమే. కానీ నిండిన కుర్చీల ముందు నుంచి జట్టును ఎత్తుకుపోవడం అంత సులువు కాదు.

అసలు ఊళ ఎవరికి వినబడాలి అనేది కూడా చూడు. జీతం ఎగ్గొట్టేవాడు గ్రౌండ్ మధ్యలో ఉండడు. జట్టును సరిగ్గా నడపనివాళ్లు, క్యాంపులకు తగినన్ని రోజులు ఇవ్వనివాళ్లు, కోచ్‌లను బట్టలు మార్చినట్టు మార్చేవాళ్లు బూట్లు కట్టుకుని పరిగెత్తరు. నువ్వు పెట్టిన ఊళ ఏసీ గదిలో ఉన్నవాడిదాకా పోదు, చెమటతో ఉన్నవాడి చెవిలోనే పడుతుంది. స్పెయిన్‌లో ఒక పద్ధతి ఉంది. జట్టు మీద విసిగిపోతే జనం తెల్ల రుమాళ్లు తీసి ఊపుతారు. ఎద్దుల పోట్లాట చూసే చోటి నుంచి వచ్చిన అలవాటట. ఆ రుమాళ్లు చాలాసార్లు తిరిగేది అధ్యక్షుడు కూర్చునే బాక్స్ వైపు. వేలమంది తెల్లగా, చప్పుడు లేకుండా. అక్కడివాళ్లు ఈలలూ గట్టిగానే వేస్తారులే, అందరూ బుద్ధిమంతులని చెప్పడం లేదు. కానీ ఆ రుమాలు మాత్రం నాకు నచ్చింది.

నీ ఆర్సెనల్‌లోనే చూడు. 2019 అక్టోబర్‌లో కెప్టెన్ జాకాను మ్యాచ్ మధ్యలో బయటికి పిలిస్తే సొంత అభిమానులే గేలి చేశారు. అతను చొక్కా విప్పేసి లోపలికి పోయాడు, కెప్టెన్సీ పోయింది. ఈ కథ నువ్వే నాకు చెప్పావు, ఊళ పెడితే ఆటగాడికి బుద్ధి వస్తుందని రుజువుగా. బుద్ధి రావడమేమో గానీ, అదే జాకా తర్వాత జర్మనీ పోయి 2023–24లో లెవర్‌కూసెన్‌తో ఒక్క లీగ్ మ్యాచ్ ఓడకుండా ఛాంపియన్ అయ్యాడు. క్రికెట్‌లో హార్దిక్ పాండ్యా కథ ఊరంతటికీ తెలిసిందే. 2024 ఏప్రిల్‌లో వాంఖడేలో ముంబై వాళ్లు తమ కెప్టెన్‌నే గేలి చేశారు. జులై 4న ప్రపంచకప్‌తో అదే వాంఖడేకు వస్తే అతని పేరే జపించారు. మధ్యలో మూడు నెలలు. ఆ మూడు నెలలు అతను ఎలా నిద్రపోయాడో ఎవరూ అడగలేదు.

పరాయివాళ్ల ఊళ సంగతి వేరు. అది తినడం మన జట్టుకు కొత్త కాదు, ఒక్కోసారి అచ్చివచ్చింది కూడా. 1962లో జకార్తా ఆసియా క్రీడలు. ఇజ్రాయెల్, తైవాన్‌లను రానివ్వలేదని ఒక భారతీయ అధికారి తప్పుపట్టినందుకు ఇండోనేషియా జనం మన మీద మండిపడుతున్నారు. సెప్టెంబర్ 4న ఫైనల్, దక్షిణ కొరియాతో. స్టేడియంలో లక్ష మంది దాకా ఉన్నారు, దాదాపు అందరూ మనకు వ్యతిరేకమే. జాతీయ గీతం వినబడనివ్వలేదు. పైగా అదే కొరియా మొదటి మ్యాచ్‌లో మనల్ని 2–0తో ఓడించింది. మన జర్నైల్ సింగ్ తలకు దెబ్బ, కుట్లు. కోచ్ మన హైదరాబాద్ రహీం సాబ్. ఆయన ఒంట్లో క్యాన్సర్. రేపు మీ నుంచి నాకో కానుక కావాలి, బంగారు పతకం, అని ముందు రోజు రాత్రి అడిగాడని ఆ జట్టువాళ్లు తర్వాత చెప్పుకున్నారు. పి.కె. బెనర్జీ ఒకటి, కుట్ల తలతో జర్నైల్ ఒకటి కొట్టారు. 2–1. మరుసటి ఏడు జూన్‌లో రహీం సాబ్ పోయాడు. ఆ లక్ష మంది ఊళలు పదకొండు మందిని ఒక్కటిగా బిగించాయి. ఎందుకంటే వాళ్లు పరాయివాళ్లు, వాళ్ల దగ్గర ఆశించేది ఏమీ లేదు. అక్కడ వరసలో కూర్చుని ఊళ పెట్టింది మనవాళ్లే అయి ఉంటే జర్నైల్ ఆ కుట్ల తల బంతికి అడ్డం పెట్టేవాడా అని నా అనుమానం.

రహీం సాబ్ మొదట బడిపంతులు. కాచిగూడ మిడిల్ స్కూల్లో పాఠాలు చెప్పినవాడు. నేనూ బడిపంతులునే. పోలిక అక్కడితో సరి. ఆ రాత్రి కంచం ముందు నుంచి ఎందుకు లేచానో ఇప్పుడు చెబుతాను. మీ అమ్మమ్మకు కూడా ఇది తెలియదు.

1989 వానాకాలం. సంగారెడ్డిలో బడిపిల్లల ఆటల పోటీలు. మా జట్టు సెమీఫైనల్‌కు వచ్చింది. రైట్ బ్యాక్ ఆడేవాడు తొమ్మిదో తరగతి పిల్లవాడు, మన మెదక్ పక్క పల్లె నుంచి నడిచి బడికి వచ్చేవాడు. జట్టులో సగం మందికి బూట్లు లేవు, వాడికీ లేవు. రెండో సగంలో మాది ఒకటి, వాళ్లది సున్నా. బంతి వాడి దగ్గరికి వచ్చింది. పక్కన ఎవరూ లేరు, తీరికగా బయటికి కొట్టొచ్చు. వాడు కాలు ఎత్తాడు, మళ్లీ దించాడు, బంతి వాడి మడమకు తగిలి మెల్లగా మా గోల్‌లోకే దొర్లింది. నేను సైడ్‌లైన్ మీంచి అరిచాను: "ఎవని దిక్కు ఆడుతున్నవ్‌రా? పోయి బర్లు కాసుకో!" సారే అన్నాక పిల్లలు ఆగుతారా? మా బడి పిల్లలందరూ ఊళ అందుకున్నారు. అవతలి బడివాళ్లు మా వైపు చూసి నవ్వడం మొదలుపెట్టారు. ఇంకా పదిహేను నిమిషాల ఆట ఉంది. ఆ పదిహేను నిమిషాలు వాడు ఒక్కసారి కూడా బంతి అడగలేదు. అవతలివాళ్లు అది పసిగట్టి వాడి వైపు నుంచే వచ్చి రెండో గోల్ కొట్టారు. వాడు మళ్లీ ఆటల పీరియడ్‌కు రాలేదు. నేను పిలవలేదు. అలాంటివాళ్లు చాలామంది వస్తారు పోతారు అనుకున్నాను.

ఇరవై ఏళ్ల తర్వాత నర్సాపూర్ మీదుగా హైదరాబాద్ పోయే బస్సులో కండక్టర్ నా దగ్గరికి వచ్చి నమస్తే పెట్టాడు. గుర్తుపట్టలేదు, వాడే చెప్పాడు. నవ్వుతూనే చెప్పాడు: "ఆ దినం నా కాల్ల తుమ్మముల్లు ఇర్గి ఉండె సార్. చెప్తే టీంలకెల్లి తీసేస్తరని చెప్పలే." టికెట్ కొట్టి, చిల్లర లెక్కపెట్టి నా చేతిలో పెట్టి, ముందు సీటుకు పోయాడు. నేను ఏమీ అనలేకపోయాను. ఏమనాలో ఇప్పటికీ తెలియదు. నీ ఫోన్‌లో ఆ ఊళ విన్నప్పుడు నాకు సంగారెడ్డి గ్రౌండ్ కనబడింది. నీ మీద కోపంతో లేచానని నువ్వు అనుకున్నావు.

కాబట్టి నా మాట ఇది. విజిల్ పడేదాకా నోరు మంచికి వాడు, లేదా మూసుకో. విజిల్ పడ్డాక నీ ఇష్టం. లేచి నిలబడు, ఊళ పెట్టు, రుమాలు ఊపు, బయటికి వచ్చి నీ వరసవాళ్లతో కలిసి ఫెడరేషన్‌ను నాలుగు మాటలు అను, నేను కూడా వచ్చి గొంతు కలుపుతాను. హాఫ్‌టైం సంగతేమిటని అడుగుతావు, నీ బుద్ధి నాకు తెలుసు. హాఫ్‌టైంలో నీళ్లు తాగు.

హైదరాబాద్ ఎఫ్‌సీ పోయిందని ఏడుస్తూ కూర్చోకు. మొయినాబాద్ దగ్గర శ్రీనిధి డెక్కన్ ఉంది. ఐ-లీగ్‌లో 2022–23లో, 2023–24లో వరసగా రెండుసార్లు రెండో స్థానంలో నిలిచింది. నీ హాస్టల్ నుంచి ఎంత దూరం? ఈసారి నేను వచ్చినప్పుడు ఇద్దరం పోదాం. టికెట్ నేను కొంటాను.

అంతకంటే ముందు వచ్చే ఆదివారం ఇక్కడికి రా. పొద్దున ఏడింటికి చర్చి గ్రౌండ్‌లో మన పిల్లలకు మ్యాచ్ పెట్టాను. శనివారం కాచిగూడలో రైలెక్కితే మెదక్ స్టేషన్‌కు నేను వచ్చి తీసుకెళతాను. సకినాలు ఇంకా మెత్తబడలేదు. మా గోల్‌కీపర్ ఏడో తరగతి పిల్లవాడు, వట్టి చేతులతో ఆడుతున్నాడు. వస్తూ వస్తూ గ్లౌజులు ఒక జత తీసుకురా. చిన్న సైజు.

మీ తాత